నలభై సెకన్లు

నా పని వినడం, టైపు కొట్టడం.
కార్సన్ సిటీ శాసనసభలో పద్నాలుగు సెషన్లు.
నెవాడాలో రెండేళ్లకోసారే సభ, నూట ఇరవై రోజులే.
మిగతా కాలమంతా మెంబర్లు
పళ్లు పీకుతారు, ఇళ్లమ్ముతారు.
గ్రాషియానా మెండిబురు అయితే
ఎల్కోలో అన్న కంపెనీకి లెక్కలు రాసేది.
పదకొండు వేల గొర్రెలు.

మొదటి రోజు ఆమె పేరు తప్పు కొట్టాను.
రెండో రోజూ అంతే.
మూడో రోజు నా బల్ల దగ్గరికొచ్చి
"ఈ దేశంలో మా ఇంటిపేరు తప్పుల్లేకుండా ఉన్నది
చెట్ల మీదే" అంది.

ఆ చెట్ల కథ కాఫీ మెషీన్ దగ్గర, ముక్కలు ముక్కలుగా,
రెండు మూడేళ్లకి గానీ పూర్తి కాలేదు.
వాళ్ల నాన్న పేయో, పంతొమ్మిదేళ్ల వాడు,
పిరనీస్ కొండల్లోని బాస్క్ పల్లె నుంచి
ఇంగ్లీషు ముక్క రాకుండా వచ్చి,
రెండు కుక్కలు, ఒక గాడిద, రెండు వేల ప్రాణాలతో
రూబీ కొండలెక్కాడు.
వేసవంతా పలకరించే మనిషి లేడు.
ఆస్పెన్ చెట్టు తెల్ల బెరడు మీద చాకుమొనతో
పేరు, ఏడు, ఊరు.
గీసిన రోజున ఏమీ కనిపించదట.
గాయం మాన్చుకుంటూ చెట్టు నల్లబడితే
అప్పుడు పైకొస్తుంది అక్షరం.

ఆమె పుట్టింది బోర్డింగ్ హౌసులో, వంటింటి పక్క గదిలో.
అమ్మ ముప్పైమంది కాపరులకి వండేది.
చదువురాని వాళ్ల ఉత్తరాలు
ఎనిమిదేళ్ల గ్రాషి చదివి వినిపించేది.
చావు కబురుంటే
కంచాలు తీసేదాకా చదవొద్దని అమ్మ మాట.
రాజకీయం నాకక్కడే పట్టుబడింది, అనేది.

పదహారేళ్లలో ఏం చేసింది?
బావుల నీటికో చట్టం.
ఆస్పత్రిలో ప్రసవాల వార్డు.
చలికాలం మూతపడే దారికి ఒక మంచు బండి.
మిగతా ఓట్లు, నేనే కదా టైపు కొట్టింది,
గొర్రెదాటు.

ఆఖరి సెషన్లో, ఏప్రిల్ నెల,
కాపరుల జీతాల బిల్లు కమిటీకొచ్చింది.
సాక్షి ఉల్దరీకో యౌరి, పెరూలో వాంకాయో దగ్గరి వాడు.
టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు.
రికార్డు కోసం యజమాని పేరడిగారు.
"మెండిబురు బ్రదర్స్."
ఎవరిదో కుర్చీ కిర్రుమంది.
లాయరు వంగి ఆమె చెవిలో చెప్పాడు:
మీరు ఓటు వెయ్యకుండా తప్పుకోవచ్చు, తప్పులేదు.

ఆమె సాక్షిని స్పానిష్‌లో అడిగింది:
"ఏ కొండ మీద?"
చెప్పాడు.
"అక్కడ చెట్ల మీద రాతలు చూశావా?"
"చూశాను సెన్యోరా.
ఒకదాని కింద నా పేరూ గీశాను.
ఇంకా కనబడ్డం లేదు."

ఆ తర్వాత నలభై సెకన్లు.
గోడ గడియారం నాకెదురుగానే ఉంటుంది.

"రాసుకోండి," అంది నా వైపు తిరిగి,
"ఇందులో నాకు స్వార్థం ఉంది.
ఈ గొర్రెల డబ్బుతోనే చదువుకున్నాను.
నా ఓటు, అవును."

ఒక్క ఓటుతో కమిటీ దాటిన బిల్లు
సభలో చచ్చిపోయింది.
అన్న మరో లెక్కల మనిషిని పెట్టుకున్నాడు.
గొంగట్లో తింటూ వెంట్రుకలేరుతోందని ఎల్కో అంతా అన్నది.
మరుసటేడు జూన్‌లో
సొంత పార్టీ వాళ్లే ఓడించారు,
నవంబరు దాకా రానివ్వలేదు.

మినిట్స్‌లో మౌనం రాయకూడదు, అది రూలు.
నేను అక్కడ ఒక లైను ఖాళీ వదిలాను.
ఛైర్మన్ చదవకుండానే సంతకం పెట్టాడు.

మొన్న ఫోన్ చేసింది. గాలి హోరు, కుక్క మొరుగు.
"ఆ రోజు కాగితాల్లో
అతని పేరు సరిగ్గా కొట్టావా?"
కొట్టానన్నాను.
ఫోన్ పెట్టేశాక, బీరువా తెరిచి
మళ్లీ ఒకసారి చూసుకున్నాను.