ఇయ్యాల కాయెంత?

తిరుచానూరు రోడ్డులో టైర్ల షాపు మీద స్టూడియో.
గోడలకు కొట్టిన కోడిగుడ్ల అట్టలు చూసి
"ఈడ కోళ్ళు పెంచతారా నాయినా?" అనింది దేసమ్మ.
ఎవరూ నవ్వలేదు.
చప్పుడొస్తుందని ఏసీ ఆపేసినారు.
మే నెల.

నా పని మాటలు సరిచూడటం.
పెళ్ళి పత్రికలకు పద్యాలు, గోడల మీద సిమెంటు ప్రకటనలు
రాసుకుని బతికేవాణ్ణి.
జ్యూసు కంపెనీవాళ్ళు 'సాహిత్య సలహాదారు' అనేసరికి
చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను.

దేసమ్మది బంగారుపాళ్యం పక్క పల్లె.
గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లుగా తోలు తీసే పని.
సొన కాల్చిన వేళ్ళు, గోళ్ళ చుట్టూ నల్లటి గీత.
ఆ వేళ్ళతోనే హెడ్‌ఫోను ఒక చెవి మీద నుంచి
ఉడికే కుండ మూత జరిపినట్టు జరిపి
పాడింది:

*చెట్టు మీదుంటే బంగారు కాయ
గేటు కాడికొస్తే మూడ్రూపాయల కాయ*

బెంగుళూరు నుంచి వచ్చిన ఆదర్శ్ కళ్ళు మూసుకుని
"ఇదే, ఇదే మట్టి వాసన" అన్నాడు.
నాకు మాత్రం
ధర లేక హైవే పక్కన పారబోసిన కుప్పల
పులిసిన వాసన కొట్టింది.

రెండోసారి పాడితే
*గేటు కాడికొస్తే ఐదున్నర కాయ.*
మూడోసారి *పన్నెండు కాయ*,
ఈసారి గొంతులో చిన్న గెంతు.
"ఆ ఏడే మా ఇంటికి తలుపులు పెట్టించింది" అని తనే చెప్పింది.

"వీటిలో ఒరిజినల్ ఏది?" అన్నాడు ఆదర్శ్.
దేసమ్మ నా పక్క చూసింది.
"ఏ ఏటిది కావాలంట?
ఇయ్యాల కాయెంతో ఎవురన్నా చెప్పండబ్బా.
రేటు తెలీకుండా ఎట్ల పాడేది?"

పాట నడుమ ఒక గుంత ఉంది.
ప్రతి ఏడూ ఎవరో ఒకరు అందులో పడతారు.
పడినవాణ్ణి బట్టి పాట.

ఫోను పోయింది, ఫోను వచ్చింది.
రేటు వద్దు. రైతు సంతోషంగా ఉండాలి.
కొత్త సీసా పేరు తొలిరసం.
నాలుగే అక్షరాలు.
కొలత తీసి చేయించిన మూతలాగా
గుంత మీద సరిగ్గా కూర్చుంది.
కూర్చోబెట్టింది నేనే. దాచను.

నోరు తిరగలేదేమో,
*గేటు కాడికొస్తే తోలురసం కాయ* అనింది దేసమ్మ.
మళ్ళీ అడిగితే మళ్ళీ తోలురసమే.
మిషను కాడ యువరాజు తల వంచుకుని
భుజాలతో నవ్వినాడు.
ఐదోసారికి సరిగ్గా పలికింది.
తెలిసే అనిందో, తెలీకో,
ఇప్పటికీ నాకు తేలలేదు.

నాలుగు వేలు, ఆరు సీసాల పెట్టె.
బస్సులో బరువని పెట్టె నాకిచ్చేసి పోయింది.

వీడియోలో డ్రోను తోటంతా తిరిగింది.
ఎండ కూడా చల్లగా కనిపించింది.
చివర్లో సన్న అక్షరాలు:
రచన: సంప్రదాయం.
మాటల సహకారం: నా పేరు.
గాత్రం: ఒక పల్లె గొంతు.

మరుసటేడు
బావమరిది లోడుతో ఫ్యాక్టరీ గేటు కాడ నేనూ ఉన్నాను.
ముందర నూటా నలభై ట్రాక్టర్లు.
మూడో రాత్రి.
కింది వరస కాయ అప్పటికే నీరు కారతా ఉంది.
చీకట్లో ఏదో ట్రాలీ కింద నుంచి
ఒక గొంతు తీసింది:

*చెట్టు మీదుంటే బంగారు కాయ
గేటు కాడికొస్తే తోలురసం కాయ*

బండి నుంచి బండికి పాకింది నవ్వు.
అప్పుడే వచ్చి వరస చివర ఆగినవాడు
"ఇయ్యాల కాయెంతన్నా?" అని కేకేస్తే
"తోలురసం!" అన్నారు పదిమంది.
గేటు వాచ్‌మన్ కూడా టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవురు కట్టినారో ఈ మాట, మొనగాళ్ళు"
అన్నాడు పక్క బండాయన.
"సంప్రదాయం" అన్నాను.
ఆయనకు అర్థం కాలేదు.
అగ్గిపెట్టె ఉందా అని అడిగాడు.