అంచనా కాయితంల ఒక వరుస

మట్టెవాడల పాత దర్వాజ.
గీకుడు బిళ్ళతోని ఏడు పొరలు లెక్కవెట్టిన:
మీద క్రీము, దాని కింద ఆకుపచ్చ,
ఎవరి పెండ్లికో పూసిన గులాబి,
నీలం, మళ్ళ నీలం, ఏం రంగో తెల్వనిదొకటి,
అన్నిటి కింద సింధూరం.
ఇరవై ఆరేండ్ల సంది ఇదే పని నాకు.
పాము కుబుసం ఇడిసినట్టు రంగు ఊడుతుంటె
సంబురమైతుండె.

మొన్న కాజీపేట ఫంక్షన్ హాల్ల
పెయింటు మేస్త్రీలందరిని కూసోవెట్టిండ్రు.
సమోస, చాయ్, మైకు పట్టుకున్న ఒక మేడం.
"పాత రంగుల సీసం ఉంటది" అన్నది.
సీసమంటె బళ్ళె పంతులు రాగందీసిన పద్యమే ఎరుక నాకు,
నాలుగు పాదాలు, కింద ఒక గీతి.
ఈ సీసం పాదాలు లేకున్నా నడుస్తది.
పొడిగ రాకితె దుమ్మయి లేస్తది,
అంగీ మడతల కూసోని ఇంటిదాక వస్తది,
పాకే పిల్లల చేతులకు అంటుతది.
"తడిపి గీకుండ్రి. కింద పట్టా పరువుండ్రి.
రూలు వచ్చినంక కాదు, ఇప్పుడే నేర్చుకోండ్రి."

ఎనుక కుర్చీలకెల్లి మొగిలి అన్నడు:
"నీళ్ళు జల్లుకుంట గీకితె
ఈ బతుకమ్మకు పట్టిన ఇల్లు
వచ్చే బతుకమ్మకు అయితది!"
హాలంత నవ్వింది. నేను గూడ.
నా నవ్వు నడుమ ఆగింది.

ఓదెలు యాదికొచ్చిండు.
బ్రష్షు పట్టుడు నేర్పినోడు.
నలభై దాటంగనే చేతులు వణికినయి,
కడుపు మెలివెడుతున్నదంటె
కల్లు ఎక్కువైందన్నం అందరం.
వాడు కల్లు ముట్టడు. ఆ ముచ్చట మాకెరుకే.
అయినా అన్నం.

మా చిన్నది లహరి గూడ యాదికొచ్చింది.
పొద్దుగూకంగ నా మీదికి ఎక్కి
భుజం మీది రంగు పెచ్చు ఏరుకోని
"నాయినా, బొట్టు" అని నొసట వెట్టుకుంటది.

తెల్లారి హనుమకొండల బట్టల షాపాయనకు
అంచనా రాసిన: లప్పం, ప్రైమరు, కూలి.
కింద ఒక కొత్త వరుస:
పట్టా, మాస్కులు, తడి గీకుడు, రెండు రోజులు ఎక్కువ,
నాలుగువేల రెండొందలు.
ఆయన వేలు అక్కన్నే ఆగింది.
"ఇదేంది రాజలింగు, ఇన్నేండ్లు లేనిది?"
"ఇన్నేండ్లు ఉన్నదే సార్. రాయలె, గంతే."

పని ఇంకొకనికి పోయింది.
బండి మీద పోవుకుంట చూసిన,
ముగ్గురు పోరలు, మూతికి రుమాలు గూడ లేదు,
దుమ్ము గులాబి రంగుల లేస్తున్నది.
ఆగి మాస్కులు ఇచ్చిన.
ఒకడు తీసుకున్నడు.

మట్టెవాడ టీచరమ్మ ఆ వరుస చదివి
ఏం అడగకుంట సంతకం చేసింది.
లోపల చంటిపిల్ల గిలక సప్పుడు.

ఇగో, మంగలి షాపులసొంటి నీళ్ళ సీస చేతుల.
తడిసిన రంగు లేస్తలేదు, జారుతున్నది
పట్టా మీదికి, మెత్తగ, చప్పుడు లేకుంట.
రోజుకు ఒక్క రెక్కనే అయితున్నది.
మొగిలి అన్నది అబద్ధం గాదు.

అంగీ ఇక్కన్నే మూటగడత.
నల్లా కింద మోచేతుల దాక కడుక్కుంట.
ఇంటికాడ లహరి ఉరికొచ్చి భుజం ఎతుకుతది,
ఏం దొరకక మొఖం చిన్నగ చేసుకుంటది.
పోయేటప్పుడు గిర్మాజిపేటల
బొట్టుబిళ్ళల అట్ట ఒకటి కొనాలె.