తువ్వాలు కడ్డీ

రబ్బరు చెవులతో గోడకి అతుక్కునే రకం
మూడుసార్లు ఊడింది.
మూడోసారి రాత్రి రెండింటికి.
బకెట్లో పడ్డ ఆ చప్పుడుకి
కింద వాటాలో ఇళంగో వాళ్ళ కుక్క
తెల్లారేదాకా మొరిగింది.

శనివారం సైడన్‌హామ్స్ రోడ్డుకి వెళ్ళి
స్టీలు కడ్డీ చూపించమన్నాను.
మా బోరు ఉప్పునీళ్ళకి ఇనుము మూడు నెలలే.
"తువ్వాలుకేనా సార్?" అన్నాడు కొట్టువాడు.
"మనిషి బరువు ఆగాలి" అన్నాను
నాకొచ్చిన తమిళంలో.
వాడు నా వంక ఓసారి చూసి
ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్ళి
చెరో పక్క మూడు స్క్రూలున్నది తెచ్చాడు.

అసలు సంగతి ఇదీ.
స్నానం స్టూలు మీంచి లేచేటప్పుడు
శేషారత్నం అత్త ఇన్నాళ్ళూ
కుళాయి పట్టుకుని లేస్తోంది.
కుళాయి మెడ ఇప్పటికే ఓ పక్కకి వాలింది.
"ఆసుపత్రుల్లో ఉంటుందే, అలాంటి పిడి పెట్టిద్దాం" అంటే
ఆ పూటంతా మాట్లాడలేదు.
మర్నాడు కాఫీ ఇస్తూ, ఎటో చూస్తూ అంది:
"తువ్వాలు వేసుకోడానికి ఓ దండెం లేదురా
మన బాత్రూంలో."

తువ్వాలు ఎంత ఎత్తులో వేస్తారో
లోకంలో అందరికీ తెలుసు.
నేను మోకాలికి జానెడు పైన గీత గీశాను.
ఆవిడ గుమ్మంలో నిలబడి
"కాస్త కిందకి లేదూ?" అంది.
"పైనైతే షవరు తుంపర పడుతుందత్తా."
మా షవరు పాడై నాలుగేళ్ళయింది.
ఇద్దరం తలెత్తి దాన్ని చూడలేదు.

రసమట్టం లేదు.
దగ్గు మందు సీసాలో నీళ్ళు పోసి, పడుకోబెట్టి,
బుడగ మధ్యకొచ్చేదాకా ఊపిరి బిగబట్టాను.
ములుకు జారకుండా టైలు మీద
ఇంటూ మార్కులా టేపు అంటించాను.
డ్రిల్లు అరువిస్తూ ఇళంగో ఒకటే చెప్పాడు:
పింగాణీ దాటేదాకా సుత్తి మీట నొక్కొద్దు,
తొందరపడితే పగులుతుంది, పగిలితే నన్నడగొద్దు.

మొదట తెల్లటి పొడి.
చాలాసేపు తెల్లటి పొడే.
తర్వాత ఉన్నట్టుండి ఎర్రగా, చెమ్మగా, ఇటుక.
ఎప్పటిదో విల్లివాక్కం మన్ను
నా చేతి మీద రాలింది.
ఆ ఎరుపు చూసి ఎందుకో నెమ్మదించాను.

ఆరు కన్నాలు. ఆరు ప్లగ్గులు.
పళ్ళెంలో పెట్టుకుని అత్త ఒక్కొక్కటే అందిస్తోంది.
మద్రాసు ట్రంకు ఎక్స్ఛేంజీలో
ఇరవై ఆరేళ్ళు కన్నాల్లో ప్లగ్గులు గుచ్చిన చెయ్యి అది.
కడపని కరూరుతో,
పెళ్ళికొడుకు బాబాయిని వంటవాళ్ళతో,
చావు కబురుని
మూడిళ్ళవతల ఉన్న ఒక్కగానొక్క ఫోనుతో
కలిపిన చెయ్యి.
నాలుగోది వదులుగా కూర్చుంటే
చప్పుడుబట్టే పట్టేసింది:
"తగల్లేదది. తీసి మళ్ళీ పెట్టు."
తీశాను. అగ్గిపుల్ల విరిచి పక్కన దూర్చి
మళ్ళీ కొట్టాను.
"ఊఁ. ఇప్పుడు కలిసింది."

బిగించాక ముందు నేనే లాగి చూశాను,
డెబ్భై ఎనిమిది కిలోలు,
చొక్కా నిండా ఇటుక పొడితో
స్టూలు మీద చతికిలబడి, రెండు చేతులా.
గోడ ఏమీ అనలేదు.
అత్త నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

ఎడమ పక్క టైలు ఒకటి, మూల దగ్గర
వెంట్రుకంత సన్నంగా చిట్లింది.
ఇళంగోకి చెప్పలేదు.
ఓనరు కదిరేశన్‌కి అసలే చెప్పను.

ఇవాళ పొద్దున్న బాత్రూం తలుపు బయట
పేపరు చదువుతున్నట్టు నిలబడ్డాను.
చెంబు చప్పుడు. నీళ్ళ చప్పుడు.
తర్వాత కాసేపు ఏమీ లేదు.
అవతలి ఊరి లైను కోసం
చెవికి ఆనించుకుని కాచుకున్నట్టు,
ఏమీ లేదు.
ఆ తర్వాత స్టీలు మీద గాజులు ఒక్కసారి తగిలి,
స్టూలు వెనక్కి జరిగిన మోత.

తల చుట్టూ తువ్వాలుతో బయటికొచ్చి
"పేపరు తలకిందులుగా పట్టుకున్నావు" అంది.
లోపల కడ్డీ మీద
ఇంకో తువ్వాలు, పూర్తిగా పొడిది,
నాలుగు మడతలు పెట్టి
కొసలు సరిచేసి వేసి ఉంది,
ఎవరొచ్చి చూసినా చూడనీ అన్నట్టు.