సంవత్సరం లేని సెలవు

నెలవంక కనబడిందా లేదా అని
మొంబాసా ఊరంతా మేడలెక్కి చూస్తున్న సాయంత్రం
మ్వానాకోంబో మాత్రం మూడో అంతస్తులో
తెర మీద నాలుగువేల వరుసల కిందికి దిగుతోంది,
బావిలో జారిన చేద కోసం పాతాళగరిగె వేసినట్టు.

రేపు పండుగైతే బ్యాంకు మూత.
మూతైతే రేపటి వాయిదాలు ఎల్లుండికి జరగాలి.
ఆ సంగతి యంత్రానికి చెప్పాలంటే
ప్రోగ్రామ్ పొట్ట కోయాలి.

సెలవులన్నీ లోపలే ఉన్నాయి మరి.
ఏడాది ఇదైతే, నెల ఇదైతే, తేదీ ఇదైతే, మూసెయ్.
ఇలా నూటపదకొండు,
సిమెంటు తడారక ముందే ఎవరో వేలితో రాసిపోయినట్టు.
రాసినవాడు షెబ్వానా. పని మానేసి ఆరేళ్ళు.
లాము ద్వీపంలో పడవలు బాగుచేసుకుంటున్నాడట.

తొమ్మిదింటికి రేడియోలో ఖాజీ గొంతు: కనబడింది.
వీధిలో కాఫీ అమ్మేవాడి పింగాణీ కప్పులు గలగలమన్నాయి.
ఆమె ఒక్క వరుస రాసింది.
ఆ ఒక్క వరుసకి
మళ్ళీ అంతా కంపైలు, మళ్ళీ అన్ని పరీక్షలు,
నైరోబీలో నిద్రపోతున్న ఇద్దరు పెద్దల అనుమతులు.
రెండున్నరకి, చల్లారిన అల్లం కాఫీ ముందు
ఒట్టేసుకుంది:
చంద్రుణ్ణి ఇంక కోడ్‌లో పెట్టను.

పండుగ వెళ్ళిన వారం
సెలవుల్ని ఒక్కొక్కటే బయటికి తీసింది,
పసివాడి పళ్ళెంలో చేపముళ్ళు ఏరినంత ఓపికగా.
వాటికొక పట్టిక. గడులు ఐదే:
తేదీ, పేరు, ఎప్పటినుంచి, ఎప్పటివరకు,
ఎవరు చెప్పారు.
కోడ్‌లో అక్షరమ్ముక్క తెలియని కౌంటరు ముంబువా
ఇకమీద గెజిట్ చూసి తానే రాసుకోవచ్చు,
తానే దిద్దుకోవచ్చు.
ఇది నుదుటి రాత కాదు, పలక మీద రాత.

నూటపదకొండు కదిలాయి.
ఒకటి మిగిలింది.

ఆగస్టు పద్నాలుగు.
ఏ గెజిట్‌లోనూ లేదు. ఏ మతమూ తనదనదు.
ముందు ఏడాది లేదు, పక్కన పేరు లేదు.
అయినా పందొమ్మిదేళ్ళుగా ఆ తేదీన
ఈ బ్యాంకులో ఏ అప్పుకీ గడువు తీరలేదు.
తలుపులు తెరిచే ఉన్నాయి, జనం వస్తూనే ఉన్నారు,
లోపల యంత్రం మాత్రం
ఎవరికీ చెప్పకుండా సెలవు పాటించింది.

ఫోన్ చేసింది.
అటునుంచి గాలి, సుత్తి చప్పుడు, తర్వాత చాలాసేపు నవ్వు.
"అమ్మ పోయిందని కబురొచ్చిన రోజమ్మా అది.
రాత్రి లెక్కలు మూసే విద్య నాకొక్కడికే వచ్చు.
నేను లేకుండా అది ఏం తప్పులు చేస్తుందోనని
దానికీ సెలవిచ్చి బస్సెక్కాను.
తొందరలో సంవత్సరం రాయడం మరిచాను."
సుత్తి ఆగింది.
"ఇంకా ఆగుతోందా, అది?"

చెరిపెయ్యొచ్చు.
చెరిపితే, రేపెప్పుడో పాత అప్పులు తిరగేసినప్పుడు
పందొమ్మిది చోట్ల ఒక్కోరోజు వడ్డీ తేలదు.
జరిగింది జరిగినట్టే ఉండాలి, పొరపాటైనా.
అందుకని పట్టిక అడుగున చేర్చింది.
ఎప్పటివరకు: పోయిన ఏడాది.
పేరు గడి దగ్గర చాలాసేపు ఆగి: లాము ప్రయాణం.
ఎవరు చెప్పారు: షెబ్వానా.

ఆ ఆగస్టు పద్నాలుగున
అన్ని రోజుల్లాగే గడువులు తీరాయి.
లికోనీ రేవులో చేపలమ్మే ఒకావిడ
కిస్తీ రసీదు అటూ ఇటూ తిప్పి అడిగింది,
"ఈ నెల్లో ఎప్పుడూ పదిహేనునే కదా పడేది?"
ముంబువా పట్టిక తెరిచింది,
అడుగు దాకా చదివింది.
"ఒకాయన సెలవు" అంది,
"ఇప్పటికి అయిపోయింది."