రెండో కారణం

"నిద్రబుచ్చెయ్ మేడమ్,
నాకేం తెలీకుండా చేసెయ్" అంది మునీశ్వరి,
ఆక్సిజన్ మాస్కు కింద మాట సగం ఆవిరై.
దామలచెరువులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
ఎనిమిదో నెల దాకా తోతాపురి కాయలు తరిగిన చేతులు,
వేళ్ళ సందుల్లో సొన కాల్చిన మచ్చలు.
ఆ వేలికి తగిలించిన క్లిప్పు తొంభై మూడంటుంది.
కాసేపటికి తొంభై రెండు.

బయట తిరుపతి
పన్నెండింటికే షట్టర్లు దించేసుకుంది.
కొండకు పోయే బస్సుల మోత లేదు.

ఫైలు తిరగేశాను.
ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు, చాలు.
రక్తం పలచబరిచే ఇంజెక్షన్ పొద్దున ఆపారా? ఆపారు.

నడుముకే ఇస్తానన్నాను.
నిద్రపుచ్చితే గొంతులో గొట్టం వెయ్యాలి,
నీ ఊపిరితిత్తులు ఒకసారి మిషనుకు అలవాటు పడితే
మాన్పించడం కష్టం,
పైగా బిడ్డ ఏడుపు నువ్వే వింటావు.
అంతా నిజమే.

చెప్పనిది ఒకటుంది.
గొట్టం వేసేటప్పుడు నీ ఊపిరి
గదంతా చిమ్ముతుంది మునీశ్వరీ.
గదిలో ఆరుగురం.
నీ తల దగ్గర నిలబడేది నేనూ, టెక్నీషియన్ యానాదయ్యా.
ఆయనకు షుగరు. ఆగస్టులో రిటైరు.
నా కూతురు తలుపుకు అవతలి నుంచే
గుడ్‌నైట్ చెప్పడం నేర్చుకుంది.
నీ నడుములో నేను వెతికే చోట
మా ప్రాణాలు కూడా కాస్త ఉన్నాయి.

"వంగి కూర్చో."
వంగలేదు, వణికింది.
"కాయలు తరిగేటప్పుడు ఎట్లా కూర్చుంటావ్?"
ఒక్క క్షణం ఆలోచించింది.
గడ్డం గుండెకు ఆనింది,
వెన్నుపూసలు ఒక్కొక్కటే పైకి తేలాయి.
అద్దం మసకబారి కనిపించేది తక్కువ.
రెండు జతల గ్లవుజుల లోపల
బొటనవేలే నా కన్ను.
మూడో పూస. నాలుగో పూస. నడుమ మెత్తన.
సన్న సూది. ఎక్కడో పొర తెగిన చిన్న జర్రు.
ఆగాను.
తేటగా ఒక్క బొట్టు.

"కాళ్ళు యాడికో పోతా ఉండాయి మేడమ్."
పోనీలే, వచ్చేస్తాయి.
స్పిరిటు దూదితో అడుగుతూ పైకి వచ్చాను.
ఇక్కడ చల్లగా ఉందా? లేదు.
ఇక్కడ? లేదు.
"ఆఁ, ఈడ ఐసు మాదిరి."

పోయిన మంగళవారం ఇంకొకామె.
కూర్చోబెట్టేంత ఊపిరి లేదు.
ఆమెకు గొట్టమే వేశాం, ఆరుగురమూ అక్కడే నిలబడి.
ఆ బిడ్డ ఏడుపు మేం విన్నాం.
ఆమె ఇంకా పై అంతస్తులో ఉంది.
అందుకే, ఈరోజు ఏ భయం ఏది ఎంచిందో
నాకే లెక్క తేలడం లేదు.

రెండూ నలభైకి ఆడపిల్ల.
మునీశ్వరి తల తిప్పింది.
"ఏడుస్తా ఉండాది" అంది,
ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు,
ఆ వెంటనే తనూ.
దూరం నుంచే చూపించి పక్క గదికి తీసుకెళ్ళారు.

కుట్లు పడుతుండగా అడిగింది:
"మొగం ఎట్లా చూళ్ళేదు, పేరన్నా చెప్పు మేడమ్."
గౌను మీద మార్కరుతో రాసుకున్నది
స్పిరిటు తగిలి అలుక్కుపోయింది.
పేరు చెప్పాను.
రెండో కారణం చెప్పలేదు.
క్లిప్పు తొంభై నాలుగంటోంది.