ఎనిమిదో రోజు

చౌరస్తాలో బోర్డు లేదు.
కరెంటు స్తంభానికి పురికొసతో కట్టిన
ఐవీ కొమ్మ ఒకటి,
దాని కింద చెక్క బాణం.
కొమ్మ ఉంటే పీపాలో వైన్ ఉన్నట్టు.
లేకపోతే, ఎంత దాహమైనా
వచ్చిన దారినే పొమ్మన్నట్టు.

త్రియెస్తె వెనక కార్స్ట్ పీఠభూమి ఇది.
సముద్రం కనిపిస్తుంది,
తాగే నీళ్ళు కనిపించవు.
వాన పడీ పడగానే సున్నపురాయి మింగేస్తుంది.
నది ఉందట, నేల అడుగున,
ఎవరికీ వినపడనంత లోతులో
తన పని తాను చూసుకుంటూ.
పైన మిగిలింది రాయి,
రాళ్ళ మధ్య గిన్నెల్లాంటి గుంటల్లో
గుప్పెడు గుప్పెడు ఎర్రమట్టి.
దాన్ని బూర్యా గాలి ఎత్తుకుపోకుండా
ఎవరి తాతలో గోడలు పేర్చారు.
సున్నం లేదు, సిమెంటు లేదు,
ఒక రాయి బరువు ఇంకో రాయి మోస్తూ.

బాణం చివర మిలోయ్‌కా ఇల్లు.
డెబ్బై నాలుగేళ్ళు, మగవాళ్ళ బూట్లు,
భుజం మీద తడిగుడ్డ.
ఎనిమిది వేళ్ళు చూపించింది.
"ఏడాదికి ఇన్ని రోజులే మా వాకిలి తెరుస్తాం.
ఇది ఎనిమిదోది. ఆలస్యంగా వచ్చారు."

బల్ల మీద ఇంకా వెచ్చగా ఉన్న గుడ్లు,
గొర్రెపాల జున్ను గడ్డ,
కిటికీకి అడ్డం పెడితే వెలుతురు కనిపించేంత
పల్చగా కోసిన ఎండు మాంసం.
"ఉప్పు నేను పెట్టాను, మిగతా వంటంతా గాలిదే."
పందికి పేరుండేదా అని అడిగాను, ఊరికే.
"పేరు పెడితే తినగలమా?"

కాఫీ దొరుకుతుందా అన్నాడు పక్క బల్ల కుర్రాడు.
"బ్రెజిల్ నా పెరట్లో లేదు నాయనా."
తన నేల ఇవ్వనిది
తన బల్ల ఎక్కదు. అదీ లెక్క.

తెరాన్ వచ్చింది, మట్టి కూజాలో,
నేరేడుపండు రంగు.
మొదటి గుక్క, తుప్పు పట్టిన మేకు నాకినట్టు.
రెండో గ్లాసుకి ఫరవాలేదనిపించింది.
మూడో గ్లాసుకి
పోయిన జన్మ నుంచీ ఇదే తాగుతున్నట్టు.

కొట్టం వెనక నుంచి ఎవరో సైగ చేశారు.
ఎగోన్, ఆవిడ మేనల్లుడు.
ఆఖరి ఆవు పోయాక
గాటి దగ్గర రెండు స్టీలు డ్రమ్ములు పెట్టాడు.
కిందటేడు అతిథులు వదిలేసిన రొట్టె ముక్కలు
అటక మీద ఆరబెట్టి
వాటితో బీరు కాస్తున్నాడు.
"హాప్స్ మాత్రం సావిన్యా లోయవి.
బార్లీ కూడా మాది కాదు.
అందుకే నాలుగేళ్ళుగా గుమ్మం దాటనివ్వదు."
నురగ తుడుచుకుంటూ నవ్వాడు,
పాలు దొంగతనంగా తాగిన పిల్లాడిలా.

పొద్దు వాలింది.
పీపా కుళాయి గురగుర మని ఆగిపోయింది.
రాతి క్వారీ వాళ్ళు ఆరుగురు
పాట మధ్యలో ఉన్నారు,
గొంతులు ఎండిపోయి.

మిలోయ్‌కా కొట్టంలోకి వచ్చింది.
నన్ను చూసింది, వాడిని చూసింది, డ్రమ్ముని చూసింది.
"రొట్టె ఎవరిది?"
"నీదే, అత్తా."
"నీళ్ళు?"
"మన తొట్టివే. వాన నీళ్ళు."
నిలబడే తాగింది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా.
"చేదు," అంది.
ఇంకా ఏదో అంటుందని చూశాం.
అనలేదు.
కూజా నింపి తనే మోసుకెళ్ళి
ఆరుగురి ముందు ఠప్పున పెట్టింది.
"ఇది అమ్మకానికి కాదు. మావాడు చేసిన తప్పు.
డబ్బులు వద్దు."

చీకటి పడ్డాక
లాంతరూ కత్తీ పట్టుకుని చౌరస్తాకి నడిచింది.
ఏదైనా ప్రార్థన చదువుతుందేమో అనుకున్నాను.
కొమ్మ కోసింది, చంకలో పెట్టుకుంది,
ఇంటికొచ్చి మేకకి వేసింది.

మర్నాడు పొద్దున బస్సు కోసం నిలబడి ఉంటే
కారు ఒకటి ఆగింది.
దిగినాయన స్తంభం వైపు తలెత్తాడు.
పురికొస గాలికి కొట్టుకుంటోంది.
నా వైపు చూశాడు,
ఊదారంగు దిగని నా పెదవుల వైపు.

దారి నాకు తెలుసు.
చెప్పలేదు.