జిగురు

షెఫీల్డ్‌లో రాత్రి మూడు.
గాజుగొట్టాల్లో ఈగలు నిద్రపోతున్నాయి.
వేలితో తడితే
ఒక్కటీ కదల్లేదు.

తలుపవతల కుర్చీలో డోరీన్,
తుడుపుకర్ర గోడకి ఆనించి కునుకు.
ఫ్రీజర్ కీచుమంటే ఊహూఁ.
కింద చెత్తబండిలో సీసాలు కుమ్మరిస్తే ఊహూఁ.
ఒళ్లోంచి తాళాలగుత్తి జారబోతే మాత్రం
చటుక్కున పట్టుకుంది,
కళ్లు తెరవకుండానే.

ఎవరు చెప్పారు?
నరాలంటాం. పేరంతా వాటిదే.
పక్కనున్న వీటిని జిగురన్నారు,
అతికించడం తప్ప పనేముందని.
తెరమీద ఇప్పుడు వెలుగుతున్నవి ఇవే,
పచ్చగా, నిదానంగా,
పసిబిడ్డ పడుకున్న ఇంట్లో
వచ్చినవాళ్లని గుమ్మంలోనే ఆపి
తర్వాత రమ్మని సైగచేసే మేనత్తలా.
ఏ చప్పుడిని లోపలికి పంపాలో
వీటికెలా తెలుసు?
నా నోట్సులో ఆ గడి ఖాళీ.

మళ్లీ తట్టాను.
మూడో గొట్టంలో ఒకటి లేచి
మీసం దువ్వుకుంది.
"టీ పెట్టనా?" అంది డోరీన్,
కళ్లు మూసుకునే.